ఇస్సాక్ బండి ఆగే చోటు

కౌతోకెయినో పైన, శీతాకాలపు గుడిసె
1983 జనవరి, సూర్యుడింకా మొహం చూపించలేదు

మరిది మిక్కెల్‌కి వదిన రావ్నా రాస్తున్న ఉత్తరం.

నువ్వు బతికే ఉన్నావని పోస్టు బస్సు డ్రైవరు చెప్పాడు. సంతోషం. క్రిస్మసుకి ఒక్క కార్డుముక్క గీకని మనిషికి నా అంతట నేను రాయకూడదు. కానీ మీ అన్న బండి నాకు ఆ పౌరుషం కూడా మిగల్చలేదు.

పోయిన చలికాలంలో ఇస్సాక్ పోయాక ఆ పాత పసుపు మంచుబండి నా చేతికొచ్చింది కదా. అప్పటికి నాకు దాన్ని నడపడం రాదు. అందుకని వసంతంలో నా రెయిన్‌డీర్ మంద మీ పెద్దన్నయ్య అందరస్ మంద వెనకాల సముద్రపు ఒడ్డుకి నడిచింది. నేను బస్సులో వెళ్ళాను. కాఫీ కెటిలు ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరు జర్మను యాత్రికుల మధ్య ఇరుక్కుని. వాళ్ళు నా టోపీని ఫొటో తీసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక మంద వెనక కాకుండా ఒడ్డు చేరడం నాకదే మొదటిసారి. ఎవరి పెళ్ళికో పిలవకుండా వెళ్ళినట్టు దిగాను.

ఈ చలికాలం నడపడం నేర్చుకున్నాను. కంచె ఒకటి, మరుగుదొడ్డి ఒకటి కూలాయి గానీ నేర్చుకున్నాను. ఇప్పుడు బండే మొరాయిస్తోంది.

మొన్న కలిసి మందలు కాసే మా జట్టువాళ్ళంతా కూడినప్పుడు అందరస్ బావగారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే ఎవరికో మూడిందని నీకు తెలుసు. "ఏమ్మా రావ్నా, దారి మధ్యలో చతికిలబడే బండేసుకుని మందనేం తోలతావు? ఈస్టరుకి ముందాదివారం అందరం మందల కంచె దగ్గరుంటాం. ఆ బండి మీద లోయ చుట్టూ ఒక్క తిరుగుడు, ఆగకుండా తిరిగిరా. వచ్చావా, నీ మంద నీది, నీ దారి నీది. రాలేదనుకో, నీ మంద నా మందలో కలిసిపోద్ది. పుట్టే దూడల చెవులకి నా గుర్తే పడుద్ది. నీకేం, హాయిగా ఒడ్డున కూచుని కాఫీ కాసుకో" అన్నారు.

అది చాలదన్నట్టు అందరి ముందూ నా మందని వేలెత్తి లెక్కపెట్టారు. ఎవరైనా నా జేబులో చెయ్యి పెట్టి తడిమినా ఊరుకుంటాను గానీ, పైకి వినబడేలా మంద లెక్కపెడితే ఊరుకుంటానా! జట్టంతా బూట్ల వంక చూసుకున్నారు.

దూడ చెవి మీద కోసే నా చెవిగుర్తు మా అమ్మమ్మది, అమ్మ చేతిమీదుగా నాకొచ్చింది. అది నాతో ఆగిపోతే పైకెళ్ళాక వాళ్ళిద్దరికీ నేనేం మొహం చూపించను? కాబట్టి నువ్వు మెకానిక్కువైనందుకు ఒకసారైనా మాకు పనికిరా.

రోగం ఇదీ. పొద్దున ఒక్క లాగుకే అందుకుంటుంది. లోయ దాటి సరస్సు దాకా కులాసాగా పోతుంది. అక్కడ సన్నగా మూలుగుతుంది, దగ్గుతుంది, నోరు మూసేస్తుంది. కాసేపాగి తాడు లాగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. మీ అన్న కూడా ఇంతే, కట్టెలు కొట్టమంటే నడుము నొప్పి, వేటకి అనేసరికి మాయం.

మందు రాసి పంపు.

వదిన


ఆల్తా
ఫిబ్రవరి మొదట్లో

వదినా,

కంచె సరే, మరుగుదొడ్డిని ఎలా గుద్దావు? అది దారిలో ఉండదే! లోపల ఎవరూ లేరు కదా? పెద్దన్నయ్య గానీ ఉండి ఉంటే ఆయన కోపానికి అర్థం ఉంది.

ఇక్కడ షాపులో ఊపిరి సలపడం లేదు. నేను చెయ్యి వెయ్యనిదే బోల్టు కూడా కదలదు. అయినా నీ కోసం తీరిక చేసుకుని రాస్తున్నాను.

బండి ఆగడానికి మూడే కారణాలు. నిప్పు లేకపోవడం, తిండి లేకపోవడం, గాలి ఆడకపోవడం. మనుషులకీ అంతే. మనవాళ్ళకి నాలుగోది ఉంది, పెద్దన్నయ్య.

ముందు ప్లగ్గు విప్పి చూడు. నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోల్లో నూనె మరీ ఎక్కువ కలుపుతున్నావని. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం. తెల్లగా కాలి ఉంటే ఇంజనుకి పెట్రోలు చాలడం లేదని. చూసి రాయి.

తర్వాత టాంకీ నుంచి కార్బ్యురేటర్‌కి వెళ్ళే గొట్టంలో చిన్న ఫిల్టరు ఉంటుంది. ఊది చూడు. చలికి టాంకీ లోపల చెమ్మ చేరి నీళ్ళవుతుంది, ఆ నీళ్ళు గడ్డకట్టి గొట్టంలో అడ్డం పడతాయి. పెట్రోల్లో ఒక చిన్న కప్పు స్పిరిట్ పొయ్యి. అది నీళ్ళని తనలో కలుపుకుని కాలిపోతుంది. ఊళ్ళో కొట్టులో దొరుకుతుంది.

జవాబు ఆల్తా పోస్టాఫీసు పేరుకే రాయి. షాపు చిరునామాకి వద్దు, అక్కడ ఉత్తరాలు గ్రీజులో కలిసిపోతాయి.

మిక్కెల్


కౌతోకెయినో పైన
ఫిబ్రవరి, మధ్యాహ్నం కాస్త వెలుగొస్తోంది

మరిదీ,

మరుగుదొడ్డిలో బావగారు లేరు. ఆ మాటకొస్తే నాకూ కాస్త విచారంగానే ఉంది.

ప్లగ్గు విప్పాను. పాస్టరుగారి మెడపట్టీలా తెల్లగా ఉంది. ఫిల్టరు ఊదాను, గాలి బాగానే ఆడింది, నోరంతా పెట్రోలు. రెండురోజులు ఏం తిన్నా అదే రుచి.

స్పిరిట్ సంగతి విను. కొట్టులో అయిపోయింది. "వచ్చే వారం లారీ వస్తది" అన్నాడు. వారం ఆగడానికి నాకేమైనా చేతులు ఊరుకుంటాయా? ఇంట్లో బావగారిచ్చిన బ్రాందీ ఉంది. అవును, సరిగ్గానే చదివావు. ప్రార్థన మందిరంలో తాగుడు మీద కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడే మన బావగారే. నా మందని లెక్కపెట్టినందుకు మనసులో ఏదో గుచ్చుకున్నట్టుంది, కోటు కింద పెట్టుకుని తెచ్చారు. "జలుబు చేస్తే వాడుకోమ్మా, ఎవరితో అనకు" అన్నారు. ఎవరితో అంటాను, సీసా మొత్తం టాంకీలో పోశాను.

మర్నాడు బావగారు పక్కనుంచి పోతూ ఆగి వాసన చూశారు. ఇంకోసారి చూశారు. ఆయన మొహం చూడాల్సింది నువ్వు. ఏమైనా అందామంటే అది ఎక్కడిదో ముందు ఆయనే చెప్పాలి. మింగలేక కక్కలేక వెళ్ళిపోయారు.

అయితే బండి బాగుపడలేదు. ఇంకా పాడైంది. ఇప్పుడు సరస్సు దాకా కూడా పోవట్లేదు, కంచె దాటగానే తాగినవాడిలా తూలుతోంది.

కొట్టు దగ్గర ఆడవాళ్ళ నోళ్ళకి పనిదొరికింది. "ఇస్సాక్ బండి కదా, ఇస్సాక్ కోసం బెంగెట్టుకుంది, ఆమెకి లొంగదు" అంటున్నారట. వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఇంకో మాట. పోయిన వారం, ఈ బ్రాందీ గొడవకి ముందు, సరస్సు వైపు కాకుండా ఊరి వైపు వెళ్ళాను. అప్పుడు సరిగ్గా ప్రార్థన మందిరం ముందు ఆగింది. లోపల పాట మధ్యలో ఉన్నారు. నేను బండిని తిట్టిన తిట్లు కిటికీలోంచి అందరికీ వినబడ్డాయట. పాస్టరుగారు ఆ రోజు ప్రసంగాన్ని నాలుక మీదికి మళ్ళించారు.

నీ ఉత్తరం చేపల వాసనొస్తోంది. ఆల్తాలో బండ్లకి చేప నూనె పోస్తున్నారా?

వదిన


ఆల్తా
ఫిబ్రవరి చివర

వదినా,

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనుంది. బ్రాందీలో సగానికి పైగా నీళ్ళే! పెట్రోల్లో నీళ్ళు ఉన్నాయేమో తియ్యమంటే, ఖరీదైన నీళ్ళు కొని పోశావు. నిజం చెప్పాలంటే బండి కన్నా నాకు ఆ బ్రాందీ మీదే జాలేస్తోంది.

టాంకీ మొత్తం ఖాళీ చెయ్యి. కార్బ్యురేటర్ అడుగున గిన్నెలాంటిది ఉంటుంది, అది విప్పి పొడిగుడ్డతో తుడువు. కొత్త పెట్రోలు, కొత్త నూనె. ఆ తీసేసిన పెట్రోలు పొయ్యి దగ్గర పెట్టకు. ఎవరికీ తాగడానికి కూడా ఇవ్వకు, అడిగేవాళ్ళు ఉంటారు.

అప్పుడు మన పాత రోగం మళ్ళీ మిగులుతుంది. ప్లగ్గు తెల్లగా ఉందన్నావు. అంటే నిప్పుకి లోటు లేదు, తిండే అందడం లేదు. టాంకీలో పెట్రోలుంది, ఫిల్టరు శుభ్రంగా ఉంది, మరి మధ్యలో ఎవడు తినేస్తున్నాడు? బయల్దేరిన కాసేపటికే ఎందుకు ఆగుతోంది, ఆగి మళ్ళీ ఎందుకు లేస్తోంది? రాత్రిళ్ళు ఇదే ఆలోచన. ఇలాంటి రోగం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు నువ్వొక పని చెయ్యి. బండి ఏం చేసిందో రాయకు, అది నాకు కంఠతా వచ్చేసింది. ఆగాక నువ్వేం చేస్తావో రాయి. చెయ్యి ఎక్కడ పెడతావు, కాలు ఎక్కడ పెడతావు, ఏదీ వదలకుండా. డాక్టరు రోగితో మాట్లాడి లాభం లేకపోతే పక్కనున్నవాళ్ళని అడుగుతాడు కదా.

చేపల వాసనంటావా, ఆ పూట కాడ్ చేప కూర తిన్నాను. చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి ఉంటాను.

మిక్కెల్


కౌతోకెయినో పైన
మార్చి, ఎండకి మంచు మెరిసి కళ్ళు చెదురుతున్నాయి

మరిదీ,

టాంకీ ఖాళీ చేశాను, గిన్నె తుడిచాను. బండికి మత్తు దిగింది. మళ్ళీ మామూలుగా సరస్సు దాకా పోయి ఆగుతోంది.

ఏదీ వదలకుండా రాయమన్నావు. రాస్తాను. కానీ ముందు నీ సంగతి తేల్చాలి.

మా పిన్ని కొడుకు బండి బెల్టు కొనడానికి ఆల్తా వెళ్ళాడు. నువ్వు లేనిదే బోల్టు కదలని ఆ షాపుకే. మిక్కెల్ ఉన్నాడా అంటే షాపంతా గొల్లుమన్నారట. నవంబరులో ఒక డాక్టరుగారి సరికొత్త బండిని పరీక్ష చేస్తానని సరస్సు మీదికి తోలావట. మంచు ఇంకా గట్టిపడలేదని కుక్కపిల్లకి కూడా తెలుసునట. నువ్వు ఈదుకుంటూ వచ్చావు, బండి రాలేదు. రెయిన్‌డీర్లు కాసేవాళ్ళ ఇంట పుట్టి మంచు దళసరి చూడకుండా దిగావా! నీ ఉత్తరం మీద ఆల్తా అని ఉంటుంది, కవరు మీద ముద్ర హామర్‌ఫెస్ట్ అంటుంది, కాగితం కాడ్ చేప అంటుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం.

నాకు కోపం లేదు. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పెట్టాయి, అంతే. ఇక నిజమైన చిరునామా రాయి.

ఇప్పుడు నా సంగతి. నీకు సరస్సు దగ్గర ఆగుతుందని మాత్రం రాశాను. సరస్సు దగ్గర ఎక్కడో రాయలేదు. ఇస్సాక్ పడిపోయిన రాయి ఉంది చూడు, తప్పిపోయిన దూడని వెతుక్కుంటూ వెళ్ళి గుండె పట్టుకుని కూలిపోయిన చోటు. సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఓ పూట రాయికి కాస్త ఇవతల, ఓ పూట కాస్త అవతల. కొట్టు దగ్గర ఆడవాళ్ళు అనేది ఉత్తమాట కాదేమోనని నాకూ అనిపిస్తోంది. నవ్వి ఊరుకున్నానని రాశాను కదా, నవ్వలేదు.

ఆగాక ఏం చేస్తానంటావా. ముందు బండిని తిడతాను. దిగుతాను. సీటు మీద పరుచుకున్న రెయిన్‌డీర్ తోలు ముందు కొస పైకి మడిచి, పెట్రోలు ఉందో లేదోనని టాంకీ మూత తిప్పుతాను. మూత తియ్యగానే లోపల్నుంచి ఉస్సురుమని ఒక నిట్టూర్పు వస్తుంది. ఇస్సాక్ కూడా బూట్లు విప్పేటప్పుడు అలాగే నిట్టూర్చేవాడు. పెట్రోలు ఉంటుంది. మూత పెట్టేసి, రాయి పక్కన కూర్చుని పైపు వెలిగిస్తాను. మీ అన్నతో కాసేపు మాట్లాడతాను. మందలో సంగతులు, బావగారి వేషాలు, నీ బద్ధకం. పైపు అయిపోతుంది. వెళ్ళొస్తానని చెప్పి, తోలు మళ్ళీ సర్ది, తాడు లాగుతాను. ఒక్క లాగుకే లేస్తుంది.

ఇదంతా చదివి నవ్వావో, వచ్చి నీ చెవి కోస్తాను. నా చెవిగుర్తే పెడతాను.

ఆదివారం దగ్గరపడుతోంది.

వదిన


హామర్‌ఫెస్ట్, చేపల ఫ్యాక్టరీ బస
మార్చి

వదినా,

దొరికిపోయాను. నీ ఉత్తరాలు ఆల్తా పోస్టాఫీసు నుంచి ఇక్కడికి మళ్ళించుకుంటున్నాను. రోజంతా కాడ్ చేపల తలకాయలు కోస్తున్నాను. ఆ డాక్టరుగారి బండి అడుగున చేపలకి కాపురమై ఉంటుంది. జట్టంతా ఇప్పటికే నవ్వి ఉంటారు కాబట్టి ఇక దాచడానికేం లేదు. నిజానికి ప్రాణం హాయిగా ఉంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నవ్వలేదు. మూడోసారి చదువుతుంటే నీ బండి రోగమేమిటో తెలిసిపోయింది. అప్పట్నుంచి చెప్పాలా వద్దా అని కొట్టుకుంటున్నాను. చెప్పకపోతే నీ మంద పోతుంది. చెబితే నువ్వు నన్ను తిడతావు. తిట్లు నాకు అలవాటే కాబట్టి రాస్తున్నాను.

డబ్బా పాలకి కన్నాలు ఎన్ని పెడతావు? రెండు. ఒకటే పెడితే పాలు రావు. పాలు బయటికి రావాలంటే లోపలికి గాలి వెళ్ళాలి. టాంకీ కూడా అంతే. దాని మూతకి సూది మొనంత కన్నం ఉంటుంది. ఇంజను పెట్రోలు తాగుతున్న కొద్దీ ఆ కన్నంలోంచి గాలి లోపలికి వెళ్ళాలి. ఆ కన్నం మూసుకుపోతే పెట్రోలు టాంకీలోనే బిగుసుకుపోతుంది, కిందికి దిగదు. ఇంజను పస్తులుండి ఆగిపోతుంది. నువ్వు మూత తీస్తావు, గాలి ఉస్సుమని లోపలికి దూరుతుంది. ఇక పెట్రోలు మళ్ళీ దిగుతుంది, బండి లేస్తుంది.

ఆ నిట్టూర్పు అదే వదినా.

కన్నాన్ని మూసింది ఏమిటంటావా, నీ తోలు. అన్నయ్య పొడుగు మనిషి, సీటులో వెనక్కి జరిగి కూర్చునేవాడు, తోలు ఆయన కింద ఉండేది. నువ్వు ఆయన భుజం దాకా కూడా రావు. హ్యాండిలు అందడానికి ముందుకి జరిగి కూర్చుంటున్నావు, తోలు కూడా నీతో ముందుకి జరిగి మూత మీద పడుతోంది. రెయిన్‌డీర్ వెంట్రుకలు ఎలా రాలతాయో నీకు చెప్పక్కర్లేదు, మన కాఫీలో కూడా అవే. వెంట్రుకలు, మంచు కలిసి కన్నంలో బిరడాలా దిగి ఉంటాయి. ఆల్తాలో బండ్లకి ఈ రోగం రాదు. అక్కడెవరూ సీటు మీద తోలు పరుచుకోరు.

రాయి దగ్గరే ఎందుకు అంటే, ఇంటి నుంచి అంత దూరం పోయేసరికి లోపలున్న గాలి అయిపోతోంది. ఊరి వైపు వెళ్తే అదే దూరానికి ప్రార్థన మందిరం వచ్చింది. నువ్వే ఆలోచించు, అన్నయ్య బతికుండగా ఎప్పుడైనా తనంతట తాను ప్రార్థన మందిరం ముందు ఆగాడా?

బట్టలు కుట్టే సూది తీసుకుని కన్నం పొడువు. తోలు వెనక్కి జరిపి కట్టు. సరస్సు దాటి వెళ్ళి చూడు.

నన్ను క్షమించు.

మిక్కెల్


కౌతోకెయినో పైన
మార్చి

మిక్కెల్,

సూదితో పొడిచాను. నువ్వన్నట్టే గోరంత వెంట్రుకల బిరడా వచ్చింది. తోలు వెనక్కి కట్టాను.

బండి రాయి దాటి పోయింది. దగ్గలేదు, మూలగలేదు. దాటాక ఎంత దూరం పోయానో నాకు తెలియదు, ఏడుపుకి కనురెప్పలు గడ్డకట్టి దారి కనబడలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టావు. ఆ ఎలుకతోనే నేను రోజూ కబుర్లు చెప్పుకుంటున్నాను. అది నా మొగుడనుకున్నాను. ఊళ్ళోవాళ్ళు అది నామీద ఆయన కోపమనుకున్నారు. నేను మాత్రం ఆయన నన్ను ఒక్కదాన్నే వెళ్ళనివ్వలేక ఆపుతున్నాడనుకున్నాను. ఈ చలికాలమంతా ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. నువ్వొచ్చి అది వెంట్రుకలన్నావు.

నువ్వు చెప్పింది నిజమే. నిజమని తెలిసే తిడుతున్నాను. చేపల వెధవా, బండి ముంచినవాడా, నాకిప్పుడు ఇస్సాక్ రెండోసారి పోయినట్టుంది.

రావ్నా


హామర్‌ఫెస్ట్
మార్చి చివర

వదినా,

తిట్టు. ఇంకా ఉంటే అవీ రాయి. ఈ గదిలో నలుగురం ఉంటాం, మిగతా ముగ్గురికీ నీ తిట్లు చదివి వినిపించాను. "మా ఊళ్ళో కూడా ఇంత బాగా ఎవరూ తిట్టరు" అని ఒకడు టోపీ తీశాడు.

ఓదార్చడం నాకు చేతకాదు. అన్నయ్యకీ చేతకాదు, మా ఇంటి మగాళ్ళకి ఆ భాగం పెట్టలేదు దేవుడు. ఒక్క మాట మాత్రం చెప్పనియ్యి. నువ్వు ఆ ఉత్తరంలో రాయి దగ్గర కూర్చుని పైపు కాల్చే సంగతి రాసినప్పుడు నాకు ఈర్ష్య వేసింది. నాకూ అన్నయ్య గుర్తొస్తాడు. చేపల మధ్య నిలబడి ఉంటే గుర్తొస్తాడు. కానీ నన్ను ఆపేదేమీ లేదు, చేపలొచ్చే బెల్టు నడుస్తూనే ఉంటుంది, తలకాయలు వస్తూనే ఉంటాయి.

ఇక పని మాట. ముందురోజు బెల్టు చూసుకో. బండి ముందుండే స్కీ పట్టీల కింద మంచు గీకేసుకో. టాంకీ నిండా పొయ్యి. తోలు కట్టిన తాడు సరిచూసుకో. ఆదివారం నాడు ఎక్కడా ఆగకు. పెద్దన్నయ్య మాట మార్చడానికి సందు వెతుకుతాడు, సందివ్వకు. పాస్టరుగారు గుంటలో పడి కేకలేసినా ఆగకు. తిరిగొచ్చి లాగుదువుగాని. మూతి మీద మంచు పడితే పడనియ్యి, ముక్కు తుడుచుకోవడానికి కూడా ఆగకు. నీ చెవిగుర్తు నిలబడాలి. ఆ గుర్తున్న మందలోనే నావీ కొన్ని మేస్తున్నాయని మర్చిపోకు, నా స్వార్థం నాకూ ఉంది.

మిక్కెల్


కౌతోకెయినో పైన
ఈస్టరుకి ముందాదివారం, సాయంత్రం

మరిదీ,

ముందు నీ సంగతి చెప్పి తర్వాత నాది చెబుతాను. జూలైలో ఒడ్డున దూడల చెవులు కోసేటప్పుడు నువ్వు వస్తున్నావు. అడగడం లేదు, చెబుతున్నాను. జట్టంతా నవ్వుతారు. రెండురోజులు నవ్వుతారు, మూడోరోజు ఎవరి బండో చెడుతుంది, నీ కాళ్ళ దగ్గరికి వస్తారు. సరస్సుల దగ్గరికి మాత్రం నిన్ను పోనివ్వం.

ఇక ఇవాళ్టి సంగతి. కంచె దగ్గర అందరూ ఉన్నారు. ఆడవాళ్ళు మంట వేసి కాఫీ పెట్టారు. బావగారు కొత్త బండి మీద కూర్చున్నారు, వెనకాల లాక్కురావడానికి తాడు కూడా కట్టి సిద్ధంగా పెట్టుకున్నారు. "ఆగిపోతే నడిచి రాకమ్మా, నేనొస్తా" అన్నారు, ఎంత ప్రేమో. "అలాగే బావగారూ, బ్రాందీ కూడా తెచ్చుకోండి, జలుబు చేస్తుంది" అన్నాను. పాస్టరుగారి భార్య అటు తిరిగి దగ్గింది.

తాడు లాగాను, లేచింది. లోయ దిగాను, వాగు దాటాను, బిర్చి చెట్ల వెనక నుంచి సరస్సు మీదికి వచ్చాను. కంచె దగ్గర్నుంచి చూస్తే సరస్సంతా అరచేతిలో కనబడుతుందని నీకు తెలుసు. అందరూ చూస్తున్నారు. బండి పాట పాడుతున్నట్టు పోతోంది. నువ్వు రాసింది నాకు బాగా గుర్తుంది, ముక్కు తుడుచుకోవడానికి కూడా ఆగొద్దన్నావు.

రాయి కనబడింది.

మిక్కెల్, నేను దాటిపోదామనే అనుకున్నాను. నా మంద, నా అమ్మమ్మ గుర్తు, అన్నీ ఆ రాయి అవతలే ఉన్నాయి. కానీ ఆ రాయిని పోయినసారి దాటినప్పుడు ఏడ్చుకుంటూ, కళ్ళు మూసుకుని దాటాను. ఈసారి మళ్ళీ అలాగే పోతే ఇక జన్మంతా ఆ మనిషిని అలాగే తప్పించుకు తిరుగుతానని భయమేసింది. ఇన్నాళ్ళూ బండి ఆగింది కాబట్టి నేనూ ఆగాను. నా అంతట నేను ఒక్కసారీ ఆగలేదు. అది ఆలోచించేసరికి సిగ్గేసింది. తాళంచెవి తిప్పి బండి ఆపాను.

కంచె దగ్గర్నుంచి ఓ అని అరుపు వినబడింది. నేను దిగి రాయి పక్కన కూర్చున్నాను. పైపు వెలిగించలేదు, అంత తీరిక లేదు. "ఇస్సాక్, మంద పోతోంది, నేనే తోలుతున్నాను, ఒకవేళ తోలనివ్వకపోతే అది నీ అన్న తప్పు, నా తప్పు కాదు" అని చెప్పాను. ఇంకా ఏదో చెప్పాను, అది నీకు రాయను.

అంతలో బావగారి కొత్త బండి గర్జించుకుంటూ వచ్చింది. తాడు చేత్తో పట్టుకుని దిగారు. మొహంలో జాలి పెట్టుకోవాలని చూస్తున్నారు గానీ సంతోషం ఆగడం లేదు.

"ఆగిపోయిందిగా! నే చెప్తూనే ఉన్నా."

"ఆగలేదు బావగారూ. నేనే ఆపాను" అన్నాను. తాడు లాగాను, ఒక్క లాగుకి లేచింది. తాళం తిప్పి ఆపాను. మళ్ళీ లాగాను, మళ్ళీ లేచింది.

ఆయన తాడు బిగించి పట్టుకున్నారు. "అయితే మాత్రం! ఆగకుండా తిరిగి రావాలన్నాను గదమ్మా. మాటంటే మాటే. ఎందుకాపావ్ మరి?"

"మీ తమ్ముడు పడ్డ చోటిది. ఆపకుండా పోయుంటే, ఎందుకు ఆపలేదని నన్నడగాల్సింది మీరు."

ఆ మాటకి ఆయన రాయి వంక చూశారు. ఇస్సాక్‌ని ఇంటికి తెచ్చిన రోజు తర్వాత ఆయన అటు రావడం ఇదే మొదటిసారని నాకప్పుడు తట్టింది. ఏడాది పొడుగునా సరస్సు చుట్టూ తిరిగి దూరం దారిన పోతుంటారు. మేత కోసమనుకున్నాను. చేతిలో తాడు కింద పడేశారు. చేతి తొడుగులు తీశారు, టోపీ తీశారు. చెవులు ఎర్రబడిపోతున్నా పెట్టుకోలేదు. ఒకసారి ముక్కు ఎగబీల్చారు. నేను బండి ఆపి పక్కన నిలబడ్డాను.

తర్వాత టోపీ పెట్టుకుని తన బండెక్కారు. దాని ముక్కు పక్కకి తిప్పి, మంచు లోతుగా ఉన్న వైపుకి దిగి నాకు తొక్కిన దారి వదిలారు. మందకి ముందు నడిచే బండికి తప్ప మనవాళ్ళు అలా ఎవరికీ దారి వదలరు, నీకు తెలుసు.

"ఇంకా సగం లోయ ఉంది గదా, పద" అన్నారు. "నీ వెనక నేనొస్తా."

తాడు లాగాను. ఆయన ముందు నుంచి కదిలాను. కంచె దగ్గరికి వచ్చేదాకా ఆయన నన్ను దాటలేదు.

రావ్నా